ముక్కు దిబ్బడకి ఏ మందు? సీసా వెనక్కి తిప్పి చదవండి



పోయిన నెల యూనిట్ టెస్టుల వారంలో ఏడో తరగతి బాబు ఒకడు మొదటి పీరియడ్‌లోనే బెంచీ మీద తల వాల్చేశాడు. లేపాను. కాసేపు నిటారుగా కూర్చుని మళ్లీ వాలిపోయాడు. "రాత్రి ఎన్నింటిదాకా ఫోన్ చూశావురా?" అని అందరి ముందూ అడిగాను. క్లాసంతా నవ్వింది. వాడేమీ మాట్లాడలేదు. ఆ రోజు రాసిన సైన్సు పేపర్లో చివరి రెండు ప్రశ్నలు ఖాళీగా వదిలేశాడు. వచ్చే ప్రశ్నలే అవి.

శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ల అమ్మగారు వచ్చినప్పుడు ఫోన్ సంగతి ఎత్తాను. ఆవిడ తెల్లబోయారు. "ఫోనెక్కడిది మేడమ్! వాడికి మూడు రోజుల నుంచి జలుబు. ముక్కు మూసుకుపోయి రాత్రంతా నోటితోనే గాలి పీల్చాడు. టెస్టు పోతుందని పొద్దున్నే సిరప్ పట్టి పంపించాను" అన్నారు. ఏ సిరప్ అని అడిగితే ఇంటికి ఫోన్ చేసి ఫొటో తెప్పించారు. సీసా వెనక వైపు చిన్న అక్షరాలని పెద్దవి చేసి ఇద్దరం కలిసి చదివాం. అందులో మూడు మందులున్నాయి. మొదటిది నిద్ర తెప్పించేది. రెండోది ముక్కు తెరుస్తుందని కలిపినది, కానీ మింగితే దాదాపు ఏమీ చేయనిది. మూడోది జ్వరం మందు, ఆ బాబుకి జ్వరమే లేదు.

సోమవారం క్లాసులో వాడికి సారీ చెప్పాను. ఆ సీసా గురించి మీ అందరికీ కూడా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, సైన్సు టీచర్ని. ఏ మందు ఎంత ఇవ్వాలో చెప్పడం నా పని కాదు. మెడికల్ షాపు కౌంటర్ దగ్గర నిలబడి "జలుబుకి ఏదైనా ఇవ్వండి" అనే ముందు ఏం చూడాలో మాత్రం చెప్పగలను.

ముందు, అది జలుబేనా?

మనం ముక్కు కారితే చాలు జలుబంటాం. నిజానికి రెండు వేర్వేరు సంగతులకి మనం ఒకే పేరు పెట్టేశాం. ఒకటి వైరస్ వల్ల వచ్చే జలుబు. గొంతు గరగరతో మొదలవుతుంది, ఒకట్రెండు రోజులు ఒళ్లు వెచ్చబడొచ్చు, చీమిడి మొదట నీళ్లలా ఉండి తర్వాత చిక్కబడుతుంది, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు లాగొచ్చు. మధ్యలో చీమిడి పసుపు, ఆకుపచ్చ రంగుకి మారితే చాలామంది యాంటీబయాటిక్ కోసం పరుగెడతారు. రంగు మారడం జలుబు సహజంగా నడిచే దారిలో ఒక మజిలీ, అంతే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

రెండోది అలర్జీ. దీనికి జ్వరం ఉండదు. పొద్దున లేవగానే వరసగా ఏడెనిమిది తుమ్ములు, ముక్కులో దురద, కళ్లలో దురద, అంగిట్లో దురద, నీళ్లలా కారే ముక్కు. వారాల తరబడి ఉంటుంది, లేదా ఏటా అదే నెలలో వస్తుంది. క్లాసులో నిలబడి చూస్తే నాకు ఇలాంటి పిల్లలు ఇట్టే తెలిసిపోతారు. అరచేత్తో ముక్కు కొనని కింది నుంచి పైకి తోస్తూ ఉంటారు. నెలల తరబడి అలా తోసి తోసి కొందరికి ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడుతుంది. కళ్ల కింద నీలి నీడలుంటాయి. "మా పాపకి నెలనెలా జలుబు చేస్తుంది టీచర్ గారూ" అని మీలో కొందరు అంటుంటారు. చిన్నపిల్లలకి ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ ఆ "జలుబు"లో దురద ఉండి జ్వరం ఎప్పుడూ లేకపోతే, అలర్జీయేమో డాక్టర్ని అడగండి.

ఈ నవంబరు, డిసెంబరు నెలల్లో రెండూ కలిసి వస్తాయి. ఊళ్లలో వరి కోతలు, నూర్పిళ్ల దుమ్ము. పట్నంలో ఖాళీ ప్లాట్ల నిండా వయ్యారిభామ. చలి మొదలైందని అటక మీంచి దించిన దుప్పట్లలో ఏడాది నాటి దుమ్ము, ఆ దుమ్ములో కంటికి కనపడని పురుగులు. వాటిని ఒకసారి వేడి నీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి వాడితేనే కొందరు పిల్లలకి సగం తుమ్ములు తగ్గుతాయి. సంక్రాంతికి బూజులు దులిపే రోజున అలర్జీ ఉన్న పిల్లల్ని అమ్మమ్మ వాళ్లింటికి పంపేయండి. సాయం చేస్తామని వాళ్లు చీపురు పట్టుకుంటే మెచ్చుకోవద్దు.

ఏది ఏమిటో తేలాలని ఎందుకంటున్నానంటే, సిట్రిజిన్‌లాంటి అలర్జీ మందు అలర్జీ తుమ్ముల మీద చక్కగా పనిచేస్తుంది, వైరస్ జలుబు మీద అంతగా పనిచేయదు. అలర్జీలో ఒళ్లు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. తుమ్ములకీ దురదకీ నీళ్లు కారడానికీ అదే మూలం. ఈ మందులు దాన్ని అడ్డుకుంటాయి. జలుబులో ముక్కు కారడానికి కారణాలు వేరే, హిస్టమిన్ పాత్ర తక్కువ. జలుబుకి సిట్రిజిన్ వేసి "తగ్గింది" అనుకునేటప్పుడు చాలాసార్లు తగ్గించింది మందు కాదు, అయిదు రోజుల కాలం.

సీసా వెనక ఏముంది

ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని వల్ల మీకు తెలిసేది దాదాపు సున్నా. వెనక్కి తిప్పితే "కాంపోజిషన్" అని ఉంటుంది, దాని కింద "ప్రతి 5 మి.లీ.లో" అని మొదలవుతుంది. అక్కడున్న పేర్లే అసలు మందులు. ఇంగ్లీషు పేర్లు చూసి భయపడకండి. పేరు చివర హైడ్రోక్లోరైడ్ అనో మలియేట్ అనో ఉండే తోకల్ని వదిలేసి మొదటి మాట చూడండి చాలు. మీ పిల్లలు ఇంగ్లీషు మీడియంలోనే చదువుతున్నారు కదా, వాళ్ల చేత బిగ్గరగా చదివించండి. నా ఉద్దేశంలో స్పెల్లింగ్ బీ పదాల కంటే ఇవి ఎక్కువ పనికొస్తాయి.

మన షాపుల్లో దొరికే జలుబు సిరప్‌ల వెనక తిరిగి తిరిగి కనిపించేవి నాలుగైదు పేర్లే.

క్లోర్‌ఫెనిరమైన్. పాత తరం అలర్జీ మందు. ఇది రక్తం నుంచి మెదడులోకి సులువుగా వెళ్తుంది, అందుకే నిద్ర వస్తుంది. డైఫెన్‌హైడ్రమైన్, ప్రొమెథజైన్ కూడా ఈ కుటుంబమే. రాత్రి ఇస్తే మర్నాడు పొద్దుటికి కూడా మత్తు మిగలొచ్చు. మరీ చిన్నపిల్లల్లో కొందరికి తిరగబడి, నిద్ర రాకపోగా చిరాకు, గంతులు ఎక్కువవుతాయి. "సిరప్ పడితే హాయిగా పడుకుంటాడు మేడమ్" అని కొందరు చెప్తే నాకు కొంచెం భయమేస్తుంది. ఆ నిద్ర జలుబు తగ్గడం వల్ల వచ్చింది కాదు. పిల్లల్ని పడుకోబెట్టడానికి ఈ మందు వాడనే కూడదు.

సిట్రిజిన్, లీవోసిట్రిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్. ఇవి తర్వాతి తరం. మెదడులోకి తక్కువ వెళ్తాయి. అయినా అందరిలో ఒకేలా ఉండదు. సిట్రిజిన్‌కి కొందరు పిల్లలు మగతగా ఉంటారు, అందుకే డాక్టర్లు చాలాసార్లు రాత్రి పూట ఇమ్మంటారు. ఫెక్సోఫెనడిన్‌తో మత్తు చాలా తక్కువ. కానీ దాన్ని నారింజ, యాపిల్ జ్యూసుతో వేస్తే ఒంటికి సరిగా పట్టదు. మంచినీళ్లతోనే వేయాలి. పిల్లలు మాత్ర మింగరని మనం మొదట వెతికేది జ్యూసు గ్లాసునే కదా!

ఫినైలెఫ్రిన్. మన బాబు సిరప్‌లో రెండోది ఇదే. దీని కథ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే "ముక్కు దిబ్బడకి" అని అమ్మే మాత్రల్లో, సిరప్‌లలో ఎక్కువగా ఉండేది ఇదే. ముక్కు మూసుకుపోవడమంటే చీమిడి నిండిపోవడమని అనుకుంటాం. అసలు సంగతేమిటంటే ముక్కు లోపలి పొరలో ఉన్న సన్నటి రక్తనాళాలు ఉబ్బుతాయి, గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. అందుకే ఎంత చీదినా తెరుచుకోదు. ఆ రక్తనాళాలని ముడుచుకునేలా చేసే మందు కావాలి. ఫినైలెఫ్రిన్‌కి ఆ గుణం ఉన్న మాట నిజమే. కానీ మింగినప్పుడు పేగు గోడలోనూ కాలేయంలోనూ చాలా భాగం విరిగిపోతుంది, ముక్కు దాకా చేరేది బహు తక్కువ. 2023 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘం అధ్యయనాలన్నీ ముందు పెట్టుకుని, నోటి ద్వారా తీసుకునే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకి పనిచేయడం లేదని ఏకగ్రీవంగా తేల్చింది. 2024 నవంబరులో దాన్ని చీటీ లేకుండా అమ్మే మందుల జాబితా నుంచి తీసేయాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. ప్రమాదకరమని కాదు, పనిచేయదని. మన షాపుల్లో అది ఇంకా ప్రతి రెండో జలుబు సీసాలో ఉంది.

పారాసెటమాల్. ఇది మంచి మందే, జ్వరానికీ ఒళ్లు నొప్పులకీ. గొడవంతా ఇది జలుబు సీసాలో దాక్కుని ఉండటంతోనే వస్తుంది. అమ్మ జలుబు సిరప్ పడుతుంది. సాయంత్రం ఒళ్లు వెచ్చగా ఉందని నాన్న విడిగా జ్వరం సిరప్ పడతారు. ఇద్దరూ సరైన డోసే ఇచ్చామనుకుంటారు. పిల్లవాడి కడుపులోకి మాత్రం ఒకే మందు రెండు సార్లు వెళ్లింది. మోతాదు మించితే పారాసెటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

దీనికి తోడు కొలతల గందరగోళం. పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండేది ఉంది, 250 మి.గ్రా. ఉండేదీ ఉంది. చంటిపిల్లల చుక్కల మందులో ఒక్క మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. అంటే "5 మి.లీ. పట్టండి" అన్న మాట విని ఒక ఇంట్లో 125 మి.గ్రా., ఇంకో ఇంట్లో 250, చుక్కల సీసా చేతికొచ్చిన ఇంట్లో ఏకంగా 500 మి.గ్రా. పట్టేస్తారు. చుక్కల మందు చిన్నపిల్లలది కాబట్టి పలచగా ఉంటుందని అనుకోవడం పెద్ద పొరపాటు, అన్నింటిలోకీ అదే చిక్కన. డాక్టర్లు పిల్లల బరువుని బట్టి, కిలోకి 15 మి.గ్రా. మించకుండా లెక్క కడతారు. 20 కిలోల పాపకి అది 300 మి.గ్రా. డోసుకీ డోసుకీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం, రోజు మొత్తంలో నాలుగు సార్లకి మించకూడదు. అందుకే డాక్టరు దగ్గర ఎన్ని మి.లీ. అని మాత్రమే కాకుండా ఏ సీసాలోంచి అని కూడా అడిగి రాయించుకోండి. కొలవడానికి సీసాతో వచ్చిన మూతే వాడండి. వంటింటి చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు.

అమెరికా నుంచి వచ్చే పెట్టెల గురించి ఒక మాట. మనలో చాలామందికి అక్క, బావ, పెదనాన్న కొడుకు ఎవరో ఒకరు అక్కడ ఉంటారు. చాక్లెట్లతో పాటు మందుల సీసాలూ తెస్తారు. అక్కడి సీసా మీద ఎసిటమినోఫెన్ అని ఉంటే అది మన పారాసెటమాలే, పేరొకటే వేరు. పిల్లల సిరప్‌లో 5 మి.లీ.కి 160 మి.గ్రా. ఉంటుంది, మన రెండు రకాలకీ సరిపోలదు. బెనడ్రిల్ అనే పేరు ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. అక్కడ మామూలుగా దొరికేది డైఫెన్‌హైడ్రమైన్ ఒక్కటే ఉన్న అలర్జీ మందు. ఇక్కడ మనకి తెలిసిన దగ్గు సిరప్‌లో దానితో పాటు ఇంకా కొన్ని కలిసి ఉంటాయి. పేరు ఒకటే కదా అని కొలత మార్చకుండా పట్టకండి.

ముక్కులో వేసే మందులు

నిజంగా ముక్కు తెరిచేవి ఇక్కడున్నాయి. వీటిలోనూ రెండు రకాలు. ఒకటి ఉప్పునీటి చుక్కలు, షాపులో సెలైన్ డ్రాప్స్ అని అడగండి. చంటిపిల్లల నుంచి తాతయ్యల దాకా ఎవరికైనా వాడొచ్చు, అలవాటు పడేదేమీ లేదు. గట్టిపడిన చీమిడిని కరిగిస్తాయి. జలుబుకి ఒకే ఒక్క సీసా కొనమంటే నేను కొనేది ఇదే. దీన్ని ఎవరూ మందుగా లెక్కపెట్టరు, అదే దాని దురదృష్టం.

రెండోది జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు. నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. ఆ వేగమే దీనితో వచ్చిన చిక్కు. మూడు రోజులు, మహా అయితే అయిదు రోజులు దాటి వాడితే, మందు ప్రభావం దిగగానే ముక్కు ముందుకంటే గట్టిగా బిగుసుకుంటుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ బిగుసుకోవడం. మా ఇంట్లోనే మా బాబాయి ఏడాదిన్నర పాటు ఆ చిన్న సీసా జేబులో పెట్టుకుని తిరిగారు, జలుబు ఎప్పుడో పోయింది, మిగిలింది ఆ మందు తెచ్చిన దిబ్బడే. పెద్దలకీ పిల్లలకీ బలం వేరు వేరుగా వస్తుంది. పెద్దల సీసా పిల్లలకి వాడకూడదు. ఆరేళ్ల లోపు పిల్లలకి డాక్టరు చెప్పకుండా ఏ బలంలోనూ వద్దు.

అలర్జీ నెలల తరబడి వేధిస్తుంటే డాక్టర్లు ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు. స్టెరాయిడ్ అన్న మాటకి చాలామంది తల్లులు అక్కడే ఆగిపోతారు. ముక్కు లోపల మాత్రమే, కొద్ది మోతాదులో పనిచేసే మందు అది, ఎడతెగని అలర్జీకి ఉన్నవాటిలో బాగా పనిచేసేది కూడా అదే. కాకపోతే ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. రెండు రోజులు కొట్టి పక్కన పడేస్తే ఉపయోగం ఉండదు.

మాంటెలుకాస్ట్, లీవోసిట్రిజిన్ కలిసిన మాత్ర కూడా మన ఇళ్లలో చాలా మామూలైపోయింది. నిరుడు రాసిన చీటీ చూపించి ఈ ఏడు మళ్లీ కొంటారు. దయచేసి అలా చేయకండి. మాంటెలుకాస్ట్ కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు, ప్రవర్తనలో మార్పులు తెస్తుందని 2020 మార్చిలో ఎఫ్‌డీఏ తన హెచ్చరికల్లోకెల్లా గట్టి హెచ్చరికని దానికి జోడించింది. డాక్టరు రాస్తే వాడండి, కానీ ఆ రోజుల్లో పిల్లవాడు ఉన్నట్టుండి మారిపోయినట్టు అనిపిస్తే ముందు ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. మాకూ చెప్పండి. మేం దాన్ని "క్రమశిక్షణ సమస్య" అని రాసేయకముందే.

చిన్న తమ్ముడికి అన్న సిరప్ పట్టొద్దు

నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది తప్పక చదవాలి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందుని నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద ముద్రించాలని మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపూరితమైన డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ వార్త మీరంతా చూసే ఉంటారు. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ సలహా జారీ చేసింది: రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయవద్దు, ఇవ్వవద్దు, అయిదేళ్ల లోపు పిల్లలకి సాధారణంగా సిఫారసు చేయదగినవి కావు. కల్తీ సంగతి మన కంటికి కనపడదు, అది ప్రభుత్వం చూసుకోవాల్సిన పని. అవసరం లేని సీసాని ఇంటికి తేకపోవడం మాత్రం మన చేతిలో ఉంది.

మరి చిన్నపిల్లలకి ఏం చేయాలి? సెలైన్ చుక్కలు, గోరువెచ్చటి నీళ్లు, చారన్నం, విశ్రాంతి. ఏడాది దాటిన పిల్లలకి రాత్రి దగ్గుకి అర చెంచా తేనె మేలు చేస్తుంది. ఏడాది లోపు తేనె నాకించకూడదు, అందులో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా పసిపేగుల్లో విషం పుట్టిస్తుంది. మిరియాల పాలు, శొంఠి కషాయం పెద్ద పిల్లలు ఇష్టంగా తాగితే తాగనివ్వండి.

మన ఇళ్ల అలవాట్లలో రెండింటి విషయంలో మాత్రం నేను గట్టిగానే చెప్తాను. కర్పూరం ఒకటి. గుడ్డలో మూటకట్టి మెడకి వేలాడదీయడం, కొబ్బరినూనెలో కాచి ఛాతీకి, ముక్కుకి రాయడం మా అమ్మమ్మ కూడా చేసేది. చంటిపిల్లలు ఆ మూటని నోట్లో పెట్టుకుంటారు. కర్పూరం కొద్దిగా కడుపులోకి వెళ్లినా ఫిట్స్ రావొచ్చు. కర్పూరం ఉన్న బామ్‌లు కూడా రెండేళ్ల లోపు వద్దు, ఏ వయసులోనూ ముక్కు రంధ్రాల్లో పూయకూడదు. రెండోది ఆవిరి. మరిగే నీళ్ల గిన్నె ముందు పిల్లల్ని దుప్పటి కప్పి కూర్చోబెడితే, ఒక్క కదలికకి ఆ నీళ్లు తొడల మీద పడతాయి. ఆవిరి వల్ల కలిగే మేలు స్వల్పం, కాలితే మిగిలే మచ్చ జీవితకాలం.

ఎప్పుడు షాపు కాదు, డాక్టరు

ఊపిరి వేగంగా తీస్తూ డొక్కలు ఎగరేస్తుంటే, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తుంటే, నీళ్లు కూడా తాగనంతగా నీరసపడితే ఆలస్యం చేయకండి. మూడు రోజులు దాటిన జ్వరం, చెవిపోటు, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెట్టిన జలుబు కూడా అంతే. ఒక్క ముక్కులోంచే, వాసనతో చీమిడి వస్తుంటే లోపల పూసో, బఠాణీ గింజో, రబ్బరు ముక్కో ఇరుక్కుందేమో చూపించండి. యూకేజీ టీచర్లని అడగండి, ఇది ఎంత మామూలో చెప్తారు. ఎప్పుడూ నోరు తెరిచి నిద్రపోతూ గురకపెట్టే పిల్లలకి అడినాయిడ్లు పెరిగి ఉండొచ్చు, వాళ్లకి ఎన్ని జలుబు సిరప్‌లు పట్టినా ఉపయోగం లేదు.

ఇక మా వైపు సంగతి. ఆ అమ్మగారు టెస్టు రోజు పొద్దున్నే సిరప్ పట్టారంటే అందులో మా వాటా కూడా ఉంది. వంద శాతం హాజరుకి సర్టిఫికెట్ ఇస్తాం, స్టేజి మీద పిలిచి చప్పట్లు కొట్టిస్తాం. జ్వరంతో వచ్చిన పిల్లాణ్ని "చూశారా, ఎంత బాధ్యతో" అని నేనే మెచ్చుకున్న రోజులున్నాయి. జ్వరం ఉన్న రోజు పంపకండి. పోయిన టెస్టు మళ్లీ రాయించమని అడగడానికి మొహమాటపడకండి. నా సబ్జెక్టు వరకు నేను రాయిస్తాను.

మామూలు జలుబే, వాడు హుషారుగానే ఉన్నాడు, బడికి పంపిస్తున్నారు అనుకుందాం. సిరప్ సీసా బ్యాగులో పెట్టి "లంచ్ తర్వాత తాగెయ్" అని చెప్పి పంపకండి. పక్క బెంచీ వాడికి కూడా జలుబే, ఇద్దరూ పంచుకుంటారు. మూత కొలత అక్కడ ఎవరూ చూడరు. పొద్దున ఏదైనా మందు ఇచ్చి ఉంటే డైరీలో ఒక లైను రాయండి: మందు పేరు, ఇచ్చిన టైము. నిద్రమత్తు తెచ్చే మందైతే ఆ మాట కూడా. ఆ రోజు వాడిని కిటికీ పక్క బెంచీకి మారుస్తాను. తల వాల్చితే లేపను.